పశ్చిమ ప్రకాశం: విశ్వవిద్యాలయ ప్రవేశాలు, పట్టాలు, ఉపకార వేతనాలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం ప్రాంతాల విద్యార్థులు ఏ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తారు, ఏ సీటుకు ‘లోకల్’ అవుతారు, ఏ సాయం అందుకుంటారు అన్న విషయాల చరిత్ర ఇది. నల్లమలకు తూర్పు వాలున ఉన్న ఈ సీమ గత నూరేళ్లలో పలు విశ్వవిద్యాలయాల చేతులు మారింది. ఆ మార్పుల్లో ఎక్కువ భాగం విద్యా విధానం వల్ల కాక, జిల్లా సరిహద్దులు గీసినవారి కలం వల్ల వచ్చాయి.

మద్రాసు నుంచి తిరుపతి దాకా

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక తెలుగు జిల్లాలన్నిటికీ పట్టా ఇచ్చే చోటు అదొక్కటే. 1926లో ముందుచూపున్న కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షుడిగా ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో, అంటే దత్తమండలాల్లో ఉండేది. విశ్వవిద్యాలయం కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగవులో దత్తమండలాలు కొద్దికాలానికే మళ్లీ మద్రాసు పరిధిలోకి వెళ్లాయి. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో సాగునీటితో పాటు విశ్వవిద్యాలయ కేంద్రం మాట కూడా చేరింది. వాల్తేరుతో సమానంగా అనంతపురంలోనూ కేంద్రం పెంచాలని కోస్తా, రాయలసీమ పెద్దలు ఒప్పుకున్నారు. చివరికి 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది గానీ, అనంతపురంలో కాదు, తిరుపతిలో.

1970–76: అసలు మలుపు

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. గుంటూరు, నెల్లూరు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరులను తీసి దాన్ని కూర్చారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. పరిపాలనకు సంబంధించిన ఈ మార్పు చదువుల మీద ఎంత బరువు వేస్తుందో అప్పట్లో ఎవరూ పట్టించుకున్నట్టు కనబడదు.

1972–73 జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం ప్రకటించారు. దాని వెంట 32వ రాజ్యాంగ సవరణ, 371–డి అధికరణం, 1974 జూలై 1 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఈ ఉత్తర్వు రాష్ట్రాన్ని ప్రవేశాల కోసం ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర అనే మూడు విశ్వవిద్యాలయ ప్రాంతాలుగా విడగొట్టింది. ఒక్కో ప్రాంతంలోని సీట్లలో 85 శాతం అక్కడి లోకల్ అభ్యర్థులకే. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు శ్రీ వేంకటేశ్వర ప్రాంతంలో చేరాయి. ప్రకాశం ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో పడింది. నాలుగేళ్ల ముందు కర్నూలు జిల్లావాసిగా ఉన్న గిద్దలూరు కుర్రవాడు ఊరు కదలకుండానే కోస్తావాడయ్యాడు.

దీని ఫలితం లెక్కల్లో తేలుతుంది. రాష్ట్రస్థాయి సంస్థల్లో లోకల్ సీట్లను ఆంధ్ర ప్రాంతానికి 42, ఉస్మానియాకు 36, శ్రీ వేంకటేశ్వరకు 22 నిష్పత్తిలో పంచారు. మార్కాపురం విద్యార్థి 22లో రాయలసీమ వారితో కాక, 42లో కృష్ణా, గుంటూరు పిల్లలతో పోటీపడాల్సి వచ్చింది. విజయవాడ, గుంటూరు కోచింగుల పక్కన కరువు మండలాల జూనియర్ కాలేజీలు నిలబడటం తేలిక కాదు.

లోకల్ ఎవరన్నది ఊరి పేరు చూసి తేల్చరు, చదివిన చోటు చూసి తేలుస్తారు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఒకే ప్రాంతంలో చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే ఏడేళ్లు లెక్కలోకి తీసుకుని, ఎక్కువ కాలం చదివిన చోటును చూస్తారు. గిద్దలూరులో పదో తరగతి పూర్తిచేసి నంద్యాలలో ఇంటర్ చదివినవారు ఆంధ్ర ప్రాంతం వారే, ఎందుకంటే ఏడేళ్లలో అయిదు ఇటే గడిచాయి. తొమ్మిదో తరగతి నుంచే నంద్యాలలో ఉంటే మాత్రం శ్రీ వేంకటేశ్వర ప్రాంతానికి మారతారు. గిద్దలూరు నుంచి నంద్యాలకు బొగద సొరంగం దాటి వెళ్లే రైలు ఆ రోజుల్లో ఎంతమంది పిల్లల కోటాను మార్చిందో!

1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడటంతో జిల్లా డిగ్రీ కాలేజీలు గుంటూరు వైపు తిరిగాయి. ప్రవేశాలకు సంబంధించిన ‘ప్రాంతం’ పేరు మాత్రం ఆంధ్రగానే మిగిలింది.

పాలన యంత్రాంగం

1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ రాష్ట్రం చట్టం తెచ్చింది. 1986లో ఎంసెట్ మొదలైంది, 1988 చట్టంతో ఉన్నత విద్యామండలి వచ్చింది. 1991 విశ్వవిద్యాలయాల చట్టం చాలా విశ్వవిద్యాలయాలను ఒకే నమూనా కిందికి తెచ్చి, పాత సిండికేటు స్థానంలో పాలకమండలిని కూర్చోబెట్టింది. 2008లో జేఎన్‌టీయూను విడదీసినప్పుడు జిల్లా గీతే మళ్లీ పనిచేసింది. మార్కాపురం దగ్గర దరిమడుగులోని శామ్యూల్ జార్జి ఇంజనీరింగ్ కాలేజీ వంటివి అనంతపురానికి కాక కాకినాడకు అనుబంధమయ్యాయి.

పీజీ ప్రవేశాలకు ఒక్కో విశ్వవిద్యాలయం సొంత పరీక్ష పెట్టుకునే పద్ధతి 2021 వరకు సాగింది. ఆ ఏడాది యోగి వేమన విశ్వవిద్యాలయం నిర్వహణలో ఉమ్మడి పీజీసెట్ వచ్చింది. ఒక్క హాల్‌టికెట్టుతో రాష్ట్రమంతటా పోటీపడే వీలు దొరకడం మారుమూల విద్యార్థికి మేలైన మార్పు. 2022లో ఒంగోలులోని నాగార్జున పీజీ కేంద్రం ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయంగా మారింది. దాంతో జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం దక్కింది.

ఉపకార వేతనాలు

షెడ్యూల్డు కులాలకు పోస్ట్ మెట్రిక్ వేతనాలు 1944లోనే మొదలయ్యాయి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ చదువు వెనుకబడిన తరగతుల ఇళ్లలోకీ అడుగుపెట్టింది. 2020లో అది విద్యాదీవెనగా మారింది. దానికి తోడుగా వచ్చిన వసతిదీవెన కింద డిగ్రీ, ఆపై విద్యార్థులకు ఏడాదికి 20,000 రూపాయలు నిర్ణయించారు. అదే ఏడాది చివర వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కాలేజీల్లోని పీజీ విద్యార్థులకు రీయింబర్స్‌మెంట్ ఆపేసింది. విశ్వవిద్యాలయ క్యాంపస్ దూరమై, చేరువలో ప్రైవేటు పీజీ కాలేజీయే దిక్కయిన ఇలాంటి ప్రాంతాలకు ఇది గట్టి దెబ్బే. విద్యార్థి సంఘాలు జీవో రద్దు కోరుతూ ఏళ్ల తరబడి ఆందోళన చేశాయి.

వైద్య విద్య

రాష్ట్రం తలపెట్టిన 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో మార్కాపురం ఒకటి. దానికంటే ముందే నంద్యాల కళాశాల తలుపులు తెరిచింది, 2023లో. ఆ ఏడాది జూలైలో వెలువడిన 107, 108 జీవోలు కొత్త కళాశాలల్లో అఖిల భారత కోటా పోగా మిగిలిన సీట్లలో సగాన్నే సాధారణ ఫీజుకు వదిలాయి. 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లకు ఏటా 12 లక్షలు, 15 శాతం ఎన్ఆర్ఐ సీట్లకు 20 లక్షలు పెట్టాయి. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం మార్కాపురం సహా పది కళాశాలలను ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యంలో చేపట్టేందుకు ఆమోదించింది. గిద్దలూరుకు ఒంగోలుతో పోలిస్తే నంద్యాల సగం దూరం కూడా ఉండదు. అయినా నంద్యాల కళాశాల శ్రీ వేంకటేశ్వర ప్రాంతంలో ఉంది కాబట్టి, గిద్దలూరులోనే చదువుకున్న విద్యార్థి అక్కడ నాన్‌లోకల్ కిందే దరఖాస్తు చేసుకోవాలి.