టాపు తీసిన జిప్సీ, పరుపు పరిచిన జిమ్నీ

ఊర్జానగర్ చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉద్యోగుల కాలనీ. ఆ కేంద్రంలో తొలి యూనిట్ 1983లో మొదలైంది. దుర్గాపూర్ బొగ్గు గనులను దాటి కాలనీ మీదుగా సాగే రోడ్డు మొహర్లీ గేటు దగ్గర తడోబా అడవిని అందుకుంటుంది. చిన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని విప్పి, కోసి, అవసరానికి తగ్గట్టు బిగించుకోవడం ఈ రోడ్డుకు పాత అలవాటు. నిద్ర కోసం మార్చడం ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు మార్పులన్నీ పులిని చూడడం కోసమే.

తడోబా 1955లో జాతీయ ఉద్యానవనమైంది. పక్కనే 1986లో అంధారీ అభయారణ్యం ఏర్పడింది, 1995లో రెండూ కలిసి పులుల రిజర్వు అయ్యాయి. మారుతి జిప్సీ మార్కెట్లోకి వచ్చింది 1985 డిసెంబరులో. 970 సీసీ పెట్రోలు ఇంజను, నాలుగు చక్రాలకూ కమాన్ పట్టీలు, టన్నుకు కాస్త అటూఇటూ బరువు. 1996లో 1298 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. సైన్యం వీటిని వేల సంఖ్యలో కొన్నది. ఆ తర్వాత వేలంలో అమ్మేసిన బండ్లు మళ్లీ మెకానిక్కుల చేతికి చేరాయి. గుడ్డ టాపు కంపెనీ నుంచే వచ్చేది కాబట్టి దాన్ని విప్పడం తేలిక. అసలు పని వెనకభాగంలో ఉంటుంది. ఎదురెదురుగా ఉన్న పక్క బెంచీలను పీకేసి, ముగ్గురేసి కూర్చునే రెండు వరసలను ముందుకు చూసేలా వేస్తారు. వెనక వరసను ముందుదానికంటే ఎత్తుగా బిగిస్తారు. పట్టుకోవడానికి ఇనుప గొట్టాలు వెల్డింగ్ చేస్తారు. తడోబాలో నేటికీ ఆరుగురు పర్యాటకులు, డ్రైవరు, గైడు ఎక్కే బండి కొలత ఇదే. కుదుపులకు నడుం పట్టేసినా, పులి కనిపిస్తే ఎవరూ పట్టించుకోరు.

2012 జులైలో సుప్రీంకోర్టు పులుల రిజర్వుల కోర్ ప్రాంతాల్లో పర్యటనను తాత్కాలికంగా ఆపింది. అక్టోబరులో నిబంధనలతో తిరిగి అనుమతించింది. కోర్ అడవిలో రాత్రి గడపాలన్న కోరిక ఉన్నవాళ్లకు దారులు మూసుకుపోతూ వచ్చాయి. మకాం అడవి అంచు ఊళ్లకు, బఫర్ ప్రాంతానికి జరిగింది. బండిలోనే పడుకునే ఏర్పాటుకు ఇక్కడ గిరాకీ ఉండడానికి ఇదొక కారణం. ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపు నుంచి వచ్చే తెలుగువాళ్లకు ఇది పొరుగు అడవి, పులులు కూడా ఆ దారినే అటు తెలంగాణలోకి వెళ్తుంటాయి.

పౌరులకు జిప్సీ అమ్మకాలు 2019లో ఆగిపోయాయి. 2023 జూన్‌లో అయిదు తలుపుల జిమ్నీ వచ్చింది. ముందు సీట్ల వీపులు వెనక్కి వాల్చితే వెనక సీటుతో కలిసి ఓ పడకలా అవుతుంది, మధ్యలో ఎత్తుపల్లాలు మాత్రం పోవు. అందుకే చాలామంది వెనక సీటు మడిచి ప్లైవుడ్ పలక పరుస్తారు. పలక కింద సొరుగుల్లో స్టవ్వు, గిన్నెలు, రెంచీలు పెడతారు. ఫ్యానుకూ, చిన్న ఫ్రిజ్‌కూ వేరే బ్యాటరీ, మీద క్యారియరు. ఒక 20 లీటర్ల నీళ్ల డబ్బాయే 20 కిలోలు. ఇంత చిన్న బండిలో సామాను లెక్క తప్పితే స్ప్రింగులు కుంగుతాయి, పైన బరువు పెరిగితే మలుపుల్లో వాలిపోతుంది. చంద్రపూర్ వేసవిలో 45 డిగ్రీలు దాటడం మామూలే కనుక, కిటికీలకు దోమతెర, మీద నీడగుడ్డ లేకుండా ఎంత మంచి పరుపున్నా నిద్ర రాదు. గాలి ఆడేలా చేయడమే ఈ పనిలో పెద్ద పని.

చట్టం మాటకొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. కాబట్టి తెలిసినవాళ్లు బాడీని కోయరు. బోల్టులతో బిగించి, విప్పుకోగల పలకలతోనే పని ముగిస్తారు.