ఎనిమిది ఓడల ఖర్చు ఎవరిది?

1909 జనవరి 1, శుక్రవారం. బ్రిటన్ పోస్టాఫీసులకు ముసలివాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. డెబ్బై ఏళ్లు నిండిన పేదలకు వారానికి 5 షిల్లింగుల పింఛను మొదలైన రోజది. చివరి రోజుల్లో దిక్కులేని పేదలను ఉంచే వర్క్‌హౌస్ గుమ్మం ఎక్కాల్సి వస్తుందేమోనని బతుకంతా బెంగపడ్డ మనుషులు వాళ్లు. ఒకరి మీద ఆధారపడకుండా తినే ముద్ద విలువేమిటో మనకు వేరే చెప్పాలా!

ఆ పింఛను ఖర్చుకు మరొకటి తోడైంది. మార్చి 16న నౌకాదళ మంత్రి మెకెన్నా పార్లమెంటులో లేచాడు. జర్మనీ అనుకున్నదానికన్నా వేగంగా యుద్ధనౌకలు కడుతోందన్నాడు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. బ్రిటన్ దీవికి గోధుమల్లో అధిక భాగం సముద్రం మీదుగానే రావాలి. కానీ డ్రెడ్‌నాట్ అనే ఆ భారీ యుద్ధనౌక ఒక్కోదానికి సుమారు 18 లక్షల పౌండ్లు! మెకెన్నా ఆరు అడిగాడు. ఆర్థిక మంత్రి లాయిడ్ జార్జ్, ఆయన వెంట నిలిచిన చర్చిల్ నాలుగు చాలన్నారు. ప్రతిపక్షమూ పత్రికలూ ఎనిమిదికి తగ్గేది లేదన్నాయి. ముందు నాలుగు, అవసరమైతే మరో నాలుగు అని రాజీ కుదిరింది. జులైకల్లా ఆ రెండో నాలుగూ ఖాయమయ్యాయి.

మరి డబ్బు? లోటు కోటీ 60 లక్షల పౌండ్ల దాకా ఉంది. దిగుమతి సుంకాలు వేయమంది ప్రతిపక్షం. వేస్తే పేదవాడి రొట్టె ధర పెరుగుతుంది. లాయిడ్ జార్జ్ ఒప్పుకోలేదు. పింఛనూ ముట్టుకోలేదు. ఏప్రిల్ 29న నాలుగు గంటలకు పైగా బడ్జెట్ చదివాడు. మధ్యలో గొంతు పోతే సభను అరగంట ఆపారు. ఏటా ఆదాయం 5,000 పౌండ్లు దాటిన సంపన్నుల మీద అదనపు పన్ను. యజమాని కష్టమేమీ లేకుండా పెరిగిన భూమి విలువలో అయిదో వంతు సర్కారుకు.

ఓడల కోసం గొంతు చించుకున్న పక్షమే ఇక్కడ ఎదురుతిరిగింది. నవంబర్ 30న ఆ పక్షానిదే పైచేయి అయిన ఎగువ సభ, అంటే ప్రభువుల సభ, 350–75 ఓట్లతో బడ్జెట్‌ను తోసిపుచ్చింది. దేశరక్షణ కావాలి, దాని పద్దు మాత్రం తమ ఎస్టేట్ల గడప తొక్కకూడదు! నాకు ఆ 350 ఓట్లే అసలు సిగ్గుచేటు.

జర్మనీ ఓడల లెక్క భయపడినంత లేదని 1912కల్లా తేలింది. అంకెల్లో తమదే సరైందనీ, జర్మనీతో ముంచుకొస్తున్న ముప్పును మాత్రం పసిగట్టలేకపోయామనీ చర్చిల్ తర్వాత రాసుకున్నాడు. నౌకలు అక్కర్లేదని నేనూ అనను.

ఆ బడ్జెట్ మీదే 1910 జనవరిలో ఎన్నికలు జరిగాయి. ఏప్రిల్ 28న అదే ప్రభువుల సభ, అదే బడ్జెట్‌ను ఓటింగ్ అయినా అడగకుండా ఆమోదించింది. మరుసటి ఏడాది ఆర్థిక బిల్లులను అడ్డుకునే అధికారమే దానికి లేకుండా పోయింది.