పని మారినా జీతం తగ్గకూడదు

కాకినాడ నుంచి ఉప్పాడ మీదుగా సముద్రం ఒడ్డునే బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవరుకు డ్యూటీలో కాలు పోయినా సంస్థ అతణ్ని ఇంటికి పంపడానికి చట్టం ఒప్పుకోదు. అదే ఉప్పాడలో గుంట మగ్గం మీద జాందానీ నేసే మనిషికి ఆ కష్టమే వస్తే అలాంటి హామీ అడిగే హక్కు లేదు. ఈ తేడా వెనక వందేళ్ళ చరిత్ర ఉంది.

మొదటి మెట్టు 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం. అది 1924 జూలై 1 నుంచి అమలైంది. యజమాని తప్పు నిరూపించే పని లేకుండానే గాయానికి పరిహారం ఇప్పించింది. అవయవాల వారీగా పట్టిక కట్టింది. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో ఇంత శాతం పోయినట్టు లెక్క. అయితే డబ్బు చెల్లించాక యజమాని బాధ్యత తీరిపోయేది. తిరిగి పనిలోకి వచ్చే మాట అందులో లేదు.

1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. గాయపడ్డ కార్మికుడికి కోలుకునేదాకా భత్యం, శాశ్వత వైకల్యానికి నెలనెలా భృతి ఏర్పడ్డాయి. భత్యం అందుకుంటున్న రోజుల్లో ఉద్యోగంలోంచి తీసేయడాన్ని నిషేధించింది. పాత జీతానికి మాత్రం హామీ లేదు.

ఆ హామీ తెలుగునాట కార్మిక సంఘాల బలంతో చట్టం కన్నా ముందే వచ్చింది. రంగులు గుర్తుపట్టలేని డ్రైవర్లకు జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలని 1979 డిసెంబరులో ఆర్టీసీ యాజమాన్యం, కార్మికులు ఒప్పందం చేసుకున్నారు.

కేంద్ర చట్టంలో ఈ నియమం 1995 వికలాంగుల చట్టంలోని 47వ సెక్షన్‌తో వచ్చింది. సర్వీసులో వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. చేస్తున్న పనికి పనికిరాకపోతే అదే జీతంతో మరో పోస్టులో వేయాలి. ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించాలి. 2003లో కుణాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనికి ప్రాణం పోసింది. కాలు కోల్పోయిన కానిస్టేబుల్ కుణాల్ సింగ్‌కు పెన్షన్ ఇచ్చాం కదా అన్న ప్రభుత్వ వాదన చెల్లలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్‌లో ఈ రక్షణను నిలబెట్టింది, కానీ అదీ ప్రభుత్వ సంస్థల వరకే. 2025 ఆగస్టులో తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు కేసులో సుప్రీంకోర్టు 1979 ఒప్పందాన్నే ఆధారం చేసుకుని, పాత జీతంతో తగిన ఉద్యోగం ఇమ్మంది.

ఇక ఉప్పాడ. 2009లో జాందానీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. నేసే చేతికి మాత్రం ఇలాంటి రక్షణ దక్కలేదు. చూపు తగ్గిన నేతగాడు కండెలు చుడతాడు. అదే ఊళ్ళో చేపల వేటకు పోలేని మత్స్యకారుడు ఒడ్డున వలలు బాగుచేస్తాడు. ప్రత్యామ్నాయ పని ఊరే చూపిస్తోంది. పోయేది కూలి, పడవలో వాటా. ప్రభుత్వం ఇచ్చే 6,000 రూపాయల వికలాంగ పెన్షన్ అవసరమే. కానీ అది కోల్పోయిన సంపాదనకు బదులు కాదు. పెన్షన్ పేరు చెప్పి ఉద్యోగిని జీతానికి దూరం చేయకూడదన్న న్యాయం మగ్గానికీ పడవకూ వర్తించాలి.

1979లో కార్మికులు చట్టం కోసం ఎదురుచూడలేదు. ఉప్పాడలోనూ సహకార సంఘాలు, మాస్టర్ వీవర్లు, బోటు యజమానులు ప్రభుత్వ వాటాతో ఒక నిధి పెట్టి, పని మారిన మనిషికి తగ్గిన కూలిని పూడ్చవచ్చు. దాన్ని దయగా కాక రాతపూర్వకమైన హక్కుగా ఇవ్వాలి.