నక్షత్రము లేని క్రిస్మసు చెట్టు

ఇరుగుపొరుగువారి దోషములను చూచి నవ్వుట యెల్లవారికిని సులభమే. తన యింటి దోషమును నలుగురి నడుమ నిలిపి, తన వారిచేతనే నవ్వించుట మాత్రము కష్టమైన పని. వీరేశలింగము పంతులుగారు ప్రహసనములు వ్రాసినప్పుడును, 1892వ సంవత్సరమున విజయనగరమున కన్యాశుల్కము ప్రదర్శింపబడినప్పుడును మనవారి కెదురైన పరీక్ష యిదియే. అట్టి పరీక్షయే 1996వ సంవత్సరమున అమెరికా దేశపు దక్షిణభాగమున, జార్జియా రాష్ట్రమునకు రాజధానియగు అట్లాంటా నగరమునందలి యూదుల కెదురైనది. ఆ నాటకపు కథను, దాని వెనుక నున్న చరిత్రను చదువరుల ముందుంచుట మా యుద్దేశము.

అమెరికాలో చిరకాలము గొప్ప నాటకమనగా న్యూయార్కు నగరపు బ్రాడ్వే నాటకమే. అచ్చట మెప్పుపొందినవే తక్కిన పట్టణములకు వచ్చెడివి. ఈ పద్ధతిని మార్చవలెనని 1947లో మార్గో జోన్సు అను విదుషీమణి డాలసు నగరమున నొక నాటకశాలను స్థాపించెను. 1950లో వాషింగ్టనునందును, 1963లో మినియాపొలిసునందును అట్టివి వెలసెను. 1968లో అట్లాంటాకును అలయన్సు నాటకశాల లభించినది. ప్రాంతీయ నాటకశాలలు ఏర్పడుటవలన కలిగిన లాభములలో నొకటి, ఊరి కథను ఊరివారి యెదుటనే చెప్పుట కవకాశము కలుగుట.

1996లో అట్లాంటా నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. వానితోపాటు నడచిన సాంస్కృతికోత్సవము కొరకు క్రొత్త నాటకము వ్రాయుమని ఆల్ఫ్రెడ్ ఉరీ గారిని కోరిరి. ఆయన 1936లో ఆ నగరముననే, జర్మనీనుండి వచ్చిన యూదుల వంశమున పుట్టినవాడు. ఒక వృద్ధ యూదు వనితకును, ఆమె కారు నడపు నల్లజాతివానికిని నడుమ పెరిగిన స్నేహమును గూర్చి 1987లో ‘డ్రైవింగ్ మిస్ డైసీ’ యను నాటకము వ్రాసి, మరుసటి యేట పులిట్జరు బహుమానమును పొందియుండెను. లోకమంతయు తన యూరికి చుట్టపుచూపుగా వచ్చు సమయమున కవి ఊరిని పొగడుట లోకాచారము. ఉరీ గారు పొగడలేదు. తన కులమువారు మూసియుంచిన గది తలుపు తెరచిరి. ఆ నాటకము పేరు ‘ది లాస్ట్ నైట్ ఆఫ్ బాలీహూ’. అనగా, బాలీహూ ఉత్సవపు కడపటి రాత్రి.

కథ 1939 డిసెంబరులో నడచును. ఫ్రైటాగు వారి యింట పెండ్లి యాడని యొక పెద్దమనిషి, వితంతువులైన అతని చెల్లెలును మరదలును, వారి కుమార్తెలిద్దరును కాపురముందురు. తెర లేచునప్పటికి వారిలో లాలా యను చిన్నది క్రిస్మసు చెట్టును అలంకరించుచుండును. చెట్టుకొనను నక్షత్రమును పెట్టబోగా, యూదుల క్రిస్మసు చెట్టునకు నక్షత్రముండరాదని తల్లి మందలించును! నక్షత్రము క్రీస్తు జన్మమునకు గుర్తు. అది పెట్టినచో క్రైస్తవులమగుదుము. చెట్టే లేకున్నచో పొరుగువారికి వింతగా కనబడుదుము. ఈ రెంటికిని నడుమ నిలుచుటకు ఆ తల్లి కనిపెట్టిన ధర్మసూక్ష్మమును విని ప్రేక్షకులు నవ్వకుండజాలరు. నాటకమునందలి దుఃఖమంతయు ఆ నవ్వులోనే యున్నది.

ఆ కుటుంబము ఇట్లు నడుమ నిలుచుటకు కారణమేమి? అమెరికాకు యూదులు ముఖ్యముగా రెండు తడవలు వచ్చిరి. పందొమ్మిదవ శతాబ్దపు నడిమి భాగమున జర్మను భాష మాటలాడువారు వచ్చి, దక్షిణపు పట్టణములలో వర్తకము చేసి, ధనవంతులై, మర్యాదస్థులైరి. 1881 మొదలు 1924లో వలసల కడ్డుకట్ట వేయు చట్టము వచ్చువరకును రుష్యా, పోలండు మొదలగు తూర్పు దేశములనుండి ఇరువది లక్షలకు పైగా యూదులు వచ్చిరి. వీరు బీదలు, ఇడ్డిషు భాష మాటలాడువారు, ప్రాతయాచారములను విడువనివారు. ముందు వచ్చినవారికి వెనుక వచ్చినవారిని చూడగా జాలికంటె సిగ్గు హెచ్చుగా కలిగినది. వీరివలన తమ మర్యాదకు భంగము కలుగునని భయపడిరి. అట్లాంటాలో ఇరువురకును వేర్వేరు ప్రార్థనాలయములు, వేర్వేరు క్లబ్బులు ఏర్పడెను. 1867లో నేర్పడిన ‘టెంపుల్’ సమాజము మొదటివారిది. 1887లో నేర్పడిన ‘అహవత్ అచీం’ రెండవవారిది. ఒకే వేదము, ఒకే దేవుడు. అయినను సంబంధబాంధవ్యములకు గోడ యడ్డము.

ఇచ్చట సంస్కరణమును గూర్చి యొక మాట చెప్పవలసియున్నది. అమెరికా యూదులలో సంస్కరణోద్యమము పురాతనమైనదే. 1824లోనే చార్లెస్టను పట్టణమున కొందరు ప్రార్థనలు తమకు తెలిసిన యింగ్లీషుభాషలో నుండవలెనని కోరిరి. తరువాత స్త్రీపురుషులు ప్రార్థనాలయమున కలిసి కూర్చుండు నాచారము వచ్చెను. 1885లో పిట్సుబర్గునందు కూడిన సంస్కర్తలు, ఆహారనియమములు నేటి కాలమునకు వర్తింపవనియు, తాము వేఱొక జాతి కాక యొక మతసమాజము మాత్రమేయనియు ప్రకటించిరి. అట్లాంటా టెంపులునందు 1895 మొదలు 1946 వరకు మతాచార్యుడుగా నున్న డేవిడు మార్క్సు ఈ మార్గమునే గట్టిగా నడిపెను. అర్థము తెలియని ప్రార్థనను తెలిసిన భాషలోనికి తెచ్చుటను మేము నిందింపము. అది వివేకముచేత కలిగిన సంస్కరణము. కాని యాచారమును విడుచువాడు దాని నేల విడుచుచున్నాడో తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. అది అధర్మమని విడిచెనా, పొరుగువాడు చూచి నవ్వునని విడిచెనా? పైకి రెండును ఒక్కతీరుగనే కనబడును. మొదటిది మనుష్యుని నిటారుగా నిలుపును, రెండవది వంచును. వంగినవాడు తనకంటె క్రిందివానిని త్రొక్కినగాని తాను నిలువలేననుకొనును.

ఆ భయమునకు నిజమైన కారణమును లేకపోలేదు. 1913 ఏప్రిలు 26వ తేదీన అట్లాంటాలోని పెన్సిళ్ల కర్మాగారమున మేరీ ఫేగను అను పదుమూడేండ్ల పనిపిల్ల హత్య చేయబడెను. కర్మాగారపు పర్యవేక్షకుడగు లియో ఫ్రాంకు అను యూదునిపై నేరము మోపి, అతనికి మరణశిక్ష విధించిరి. సాక్ష్యమును మరల పరిశీలించిన గవర్నరు జాన్ స్లేటను 1915 జూనులో ఆ శిక్షను యావజ్జీవ కారాగారముగా మార్చెను. ఆగస్టు 17వ తేదీన కొందరు, వారిలో పెద్దమనుష్యులనబడువారును చేరి, చెరసాలనుండి ఫ్రాంకు నెత్తుకొనిపోయి, మారియెట్టా దగ్గర చెట్టున కురితీసిరి. ఆ దృశ్యపు ఛాయాపటములు తపాలా కార్డులుగా అమ్ముడుపోయెను. ఎవ్వరికిని శిక్ష పడలేదు. ఫ్రాంకు నిర్దోషియని చరిత్రకారులలో పలువురు నమ్ముచున్నారు. 1986లో రాష్ట్రపు క్షమాపణ మండలి, నేరము చేసెనా లేదా యను విషయము తేల్చకయే, క్షమాపణ నొసగెను.

చదువరులు గమనింపవలసిన దొకటి కలదు. ఫ్రాంకు నిన్న మొన్న ఓడ దిగిన బీదవాడు కాడు. జర్మను యూదుల వంశపువాడు, చదువుకొన్నవాడు, నగరమునందలి యూదుల సోదరసంఘమునకు అధ్యక్షుడుగా నెన్నుకొనబడినవాడు. ‘మేలైన యూదుడు’ అనుటకు కావలసిన గుణములన్నియు అతనికి కలవు. ఉరివారు అతని వంశము నడుగలేదు, అంతస్తు నడుగలేదు. ఈ యుదంతమునుండి అట్లాంటాలోని పాతకాపులు నేర్వదగిన పాఠము, గోడ తమ్ము రక్షింపదని. వారు నేర్చినది వేఱు: నోరు మూసికొని, ఇంకను క్రైస్తవులవలె కనబడవలెనని. తమ యిండ్లలో ఫ్రాంకు మాట యెత్తినచో పెద్దలు సహింపకుండిరని ఉరీ గారు చెప్పియున్నారు. ఆ పెన్సిళ్ల కర్మాగారముతో ఆయన కుటుంబమునకు బంధుత్వముకూడ కలదు. ఆ కథనే 1998లో ‘పెరేడ్’ అను సంగీత నాటకముగా ఆయన వ్రాసెను.

బాలీహూ నాటకమునకు ఫ్రాంకు ఉదంతము వస్తువు కాదు. ఆ ఉదంతమునకు తరువాతి మౌనములో పెరిగిన పిల్లలు దాని వస్తువు. బాలీహూ అనునది నిజముగా జరిగిన యుత్సవమే. మాంట్‌గొమరీలో ‘ఫాల్కను’ అనియు, బర్మింగుహాములో ‘జూబిలీ’ యనియు, అట్లాంటాలో ‘బాలీహూ’ యనియు పేర్లతో దక్షిణపు జర్మను యూదులు తమ పిల్లలకు సంబంధములు కుదురుటకై విందులు, నృత్యములు నడిపెడివారు. క్రైస్తవుల క్లబ్బులు యూదులను రానీయవు. కావున వీరు తమకొక క్లబ్బు కట్టుకొనిరి. అందు తూర్పు యూదులను రానీయరు! తాము పడిన యవమానమును తమవారికే పంచిపెట్టిన యీ వైపరీత్యము నాటకమునకు మూలకందము.

ఫ్రైటాగు వారి పరుపుల వ్యాపారములో పనికి కుదిరిన జో ఫార్కసు బ్రూక్లినునుండి వచ్చిన తూర్పు యూదుడు. ఇంటి మేనకోడళ్లలో నొకతెయగు సనీ అతనిని ప్రేమించును. ఆమె చదువుకొన్నది, ఉదారహృదయ. చిన్ననాట నొక యీతకొలనునుండి యూదుబిడ్డయని వెడలగొట్టబడిన గాయము నామె మరువలేదు. అయినను అతనిని బాలీహూకు తోడ్కొనిపోవునప్పుడు, అచ్చట అతనివంటివారికి చోటు లేదని తెలిసియు చెప్పదు. అచ్చట ఆ మాట మరొకరి నోట విని జో మండిపడును. ఆమె దుష్టురాలు కాదు, అలవాటు పడినది. దుష్టులు చేయు అన్యాయముకంటె అలవాటు పడిన మంచివారు చూచి యూరకుండు అన్యాయమే లోకమున నెక్కువ. ఉరీ గారి కలము ఇచ్చటనే మిక్కిలి లోతునకు పోయినదని మా యభిప్రాయము.

కవి 1939వ సంవత్సరము నేరుకొనుటలో గొప్ప యర్థమున్నది. ఆ సెప్టెంబరు 1వ తేదీన హిట్లరు పోలండుపై దండెత్తెను. అప్పటికి నాలుగేండ్లనాడే అతని ప్రభుత్వము చేసిన నూరెంబర్గు చట్టములు తాతముత్తవల పుట్టుకను లెక్కించినవే గాని, జర్మను యూదుడా, తూర్పు యూదుడా యని యడుగలేదు. ఫ్రైటాగువారి యాడువారికి మాత్రము డిసెంబరు 15వ తేదీన తమ నగరమున ‘గాన్ విత్ ది విండ్’ అను చలనచిత్రపు తొలి ప్రదర్శనమునకు వచ్చు తారలను చూచుటయే పెద్ద ముచ్చట. ఆ చిత్రమున దాసిగా నటించి, మరుసటి యేట ఆస్కారు బహుమానము పొందిన హాటీ మెక్‌డానియెల్ నల్లజాతి వనిత యగుటచే, వర్ణభేదపు చట్టములవలన ఆ రాత్రి అట్లాంటాకు రాజాలకపోయెను. ఆ నగరపు నిచ్చెనలో ప్రతి మెట్టువాడును పైమెట్టును చూచి సిగ్గుపడుచు, క్రిందిమెట్టును కాలితో త్రోయుచుండెనని దీనివలన తెలియుచున్నది.

నాటకము ముగియునప్పుడు చెట్టు కాదు, దీపములు కనబడును. శుక్రవారపు సంధ్యవేళ, యూదుల విశ్రాంతిదినము ప్రవేశించుచుండగా, ఆ యింటివారందరును బల్ల చుట్టును చేరుదురు. సనీ దీపములు వెలిగించి ప్రార్థన చేయును. ఇది నిజముగా జరిగినదో, ఆమె కన్న కలయో కవి తేల్చి చెప్పలేదు. ఈ నాటకము 1997లో బ్రాడ్వేకు పోయి, ఆ యేటి యుత్తమ నాటకమునకిచ్చు టోనీ బహుమానమును పొందెను. ఊరివారి కథ లోకమున కర్థమగునా యను శంక తీరినది. ఏ దేశమున లేదు ఈ నిచ్చెన?

చరిత్ర యింకొక యధ్యాయమును వ్రాసినది. 1946లో మార్క్సు స్థానమునకు వచ్చిన జేకబు రాత్‌షైల్డు, నల్లవారికి సమానహక్కులుండవలెనని టెంపుల్ వేదికనుండియే బోధింపసాగెను. 1958 అక్టోబరు 12వ తేదీ తెల్లవారుజామున ఆ ప్రార్థనాలయమును డైనమైటుతో పేల్చిరి. గోడలు కూలెను గాని ప్రాణహాని కలుగలేదు. నేర మెవ్వరిపైనను రుజువు కాలేదు. 1915లో భయపడి మౌనము వహించిన సమాజమే ఈమారు తన యాచార్యుని విడువలేదు. నగరములోని యితర మతస్థులును సాయమునకు వచ్చిరి. 1965 జనవరిలో, నోబెలు శాంతి బహుమానము పొంది వచ్చిన మార్టిన్ లూథరు కింగునకు తెల్లవారును నల్లవారును కలిసి అట్లాంటాలో విందు చేసినప్పుడు, దానిని నడిపిన ప్రముఖులలో రాత్‌షైల్డు ఒకడు. తమకంటె క్రింద నుంచబడినవారి చేయి పట్టుకొన్న దినముననే ఆ సమాజము తలయెత్తుకొని నిలిచినది.

సంస్కరణాభిమానులమగు మనకు ఈ కథ దూరదేశపు వినోదము మాత్రమే కాదు. మన యింట ఏ యాచారమును విడిచితిమో, దేనిని చేపట్టితిమో యొకమారు లెక్క చూచుకొనవలెను. వానిలో వివేకముచేత మారినవెన్ని, పరుల మెప్పుకొరకు మారినవెన్ని? అన్నిటికంటె ముఖ్యముగా, మన విందుబల్లకు మనమెవ్వరిని పిలువలేదు? ఈ ప్రశ్నను కోపముతో నడిగినచో తలుపులు మూసికొందురు. నవ్వించుచు నడిగినచో తలుపు తెరచి, కూర్చుండుమందురు. అట్లాంటా నాటకశాలలో ఉరీ గారు చేసినది ఆ రెండవ పని.