జీర్ణోద్ధరణ - నాడు, నేడు
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత ఆలయాల సంరక్షణపై ఒక పరిశీలన)



దేవాలయాన్ని నిర్మించడం పుణ్యకార్యం. శిథిలమైన దేవాలయాన్ని ఉద్ధరించడం అంతకు మిన్నయైన పుణ్యకార్యమని మన పెద్దలు చెబుతూ వచ్చారు. కుంభాభిషేక శుభవేళ ఈ సంచికను చేతిలోకి తీసుకున్న మీరు ఒక్క క్షణం ఆలోచించండి. మనం ఉద్ధరిస్తున్నది దేనిని? రాయిని, సున్నాన్ని మాత్రమేనా? లేక ఆ రాయిలో నిలిచిన పూర్వుల చేతిపనిని, వారి భక్తిని కూడానా? రెండవదే మన సంకల్పమైతే, ఏ పదార్థంతో ఉద్ధరిస్తున్నామన్నది కూడా ధర్మ విచారణలో భాగమే అవుతుంది.

సూర్యాపేటకు చేరువలోని పిల్లలమర్రిని మీలో చాలామంది దర్శించే ఉంటారు. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్డి ప్రభువులు తీర్చిదిద్దిన క్షేత్రమది. అక్కడి శాసనాలలో ఒకటి శాలివాహన శకం 1117, అనగా క్రీ.శ. 1195 నాటి రుద్రదేవుని కాలానిది. మరొకటి శకం 1130, అనగా క్రీ.శ. 1208 నాటి గణపతిదేవుని కాలానిది. ఎరకేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించినది రేచర్ల బేతిరెడ్డి సతీమణి ఎరకసాని. ఎనిమిది శతాబ్దాల క్రితమే ఒక స్త్రీమూర్తి దాతగా తన పేరును శివుని పేరుతో జోడించి శాశ్వతం చేసిన నేల మనది. పిల్లలమర్రి పినవీరభద్ర కవి ఇంటిపేరులో నిలిచినదీ ఈ గ్రామమే. 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయాన్ని నిర్మించిన రేచర్ల రుద్రుడు కూడ ఈ రేచర్ల వంశీయుడే. ఆ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

ఆ నిర్మాతల పదార్థ జ్ఞానం ఆశ్చర్యం గొలుపుతుంది. బరువును మోయవలసిన చోట గ్రానైటును, సూక్ష్మమైన చెక్కడానికి నల్లరాతిని ఎంచుకున్నారు. రామప్ప శిఖరానికి నీటిపై తేలే తేలికపాటి ఇటుకలను వాడి కింది కట్టడంపై భారం తగ్గించారు; పునాదిలో ఇసుకను నింపి నేల కదలికను తట్టుకొనేలా చేశారు. ఇటుక పనికి, గచ్చుకు సున్నాన్ని వాడారు. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటిలో మాగవేసి, ఇసుక కలిపి, ఎద్దుల గానుగలో నూరి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చే గానుగ సున్నపు పద్ధతి మన తాతల కాలం దాకా వాడుకలో ఉన్నదే.

సున్నపురాయితో మన సీమకు గల బంధం ఇంకా పురాతనమైనది. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో లభించిన తోరణ శిల్పాలు సున్నపురాతివే. 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనలో అవి లోకాన్ని ఆకర్షించాయి. నాగార్జునకొండ శిల్పాలు కూడ ఆ జాతి రాతిలోనే రూపొందాయి. సాగర్ జలాశయంలో ఆ లోయ మునిగిపోనున్నదని తెలిసి, 1954 నుండి 1960 వరకు విస్తృతంగా త్రవ్వకాలు జరిపి, పలు కట్టడాలను కొండపైకి తరలించి తిరిగి నిలిపారు. ఆ సాగర్ ఎడమ కాలువ నీరే నేడు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలను తడుపుతున్నది. మన పచ్చదనానికి ఆ వారసత్వం చెల్లించిన మూల్యాన్ని మనం మరువరాదు.

ఇక నేటి స్థితిని చూద్దాం. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి పరిసరాలలో అదే సున్నపురాయి సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకు. సిమెంటు వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నది. ఇళ్లకు, వంతెనలకు అది అవసరమే. అయితే ప్రాచీన ఆలయానికి అది తగిన ఔషధం కాదు. పాత గోడ నేలలోని తేమను పీల్చుకొని, అతుకుల గుండా బయటకు వదులుతుంది. గట్టిదైన సిమెంటు పూత ఆ దారిని మూసివేస్తుంది. లోపల చిక్కిన తేమ, సిమెంటులోని లవణాలతో కూడి, రాతి రంధ్రాలలో స్ఫటికాలుగా పెరుగుతుంది. గోడపై చవుడు ఉబుకుతుంది. కొన్నేళ్లకు శిల్పం పొరలు పొరలుగా రాలుతుంది. కృష్ణా మూసీ సంగమాన వెలసిన వాడపల్లి వంటి నదీతీర క్షేత్రాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. శిల్పాలపై నూనె రంగులు పూయడం, ఇసుకను యంత్రపు ఒత్తిడితో చిమ్మి శుభ్రపరచడం కూడ ఇటువంటి హానినే కలిగిస్తాయి. భక్తితో చేసిన పని కాబట్టి రాయి క్షమించదు.

ఇచటనే ఆధునిక విజ్ఞానం మనకు తోడ్పడుతున్నది. 1966 నవంబరులో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరాన్ని వరదలు ముంచెత్తగా అమూల్యమైన కుడ్యచిత్రాలు దెబ్బతిన్నాయి. వాటిని రక్షించే కృషిలో నిమగ్నమైన అక్కడి విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రజ్ఞులు 2000 ప్రాంతంలో సూక్ష్మ సున్నాన్ని, అనగా నానో సున్నాన్ని రూపొందించారు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. మామూలు సున్నపు రేణువులు పెద్దవి కనుక రాతి పైపొర వద్దనే ఆగిపోతాయి. నానో సున్నపు రేణువులు సాధారణంగా 50 నుండి 250 నానోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. ఆల్కహాలులో కలిపి పూసినపుడు అవి సన్నని రంధ్రాలలోకి చొచ్చుకొనిపోతాయి. ఆల్కహాలు ఆవిరి కాగా, మిగిలిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును, తేమను గ్రహించి తిరిగి సున్నపురాయిగా మారి, విడిపోతున్న కణాలను కలుపుతుంది. మెక్సికోలోని కలాక్ముల్ మాయా చిత్రాల సంరక్షణలోను దీనిని వినియోగించారు.

గమనించండి: ఇది కొత్త పదార్థం కాదు. మన తాతలు గానుగలో నూరిన సున్నమే, మరింత సూక్ష్మ రూపంలో. అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. సున్నపు గచ్చుకు, సున్నపురాతికి, కుడ్యచిత్రాలకు ఇది తగును. పిల్లలమర్రిలోని కాకతీయ కాలపు వర్ణచిత్రాల జాడల వంటివాటి విషయంలో నిపుణులు పరీక్షించి నిర్ణయించవలసిన మార్గమిది. గ్రానైటుకు, నల్లరాతికి సిలికా ఆధారిత పదార్థాలను పరిశీలించవలసి ఉంటుంది. ఏదైనను ముందు చిన్న భాగంలో ప్రయోగించి, ఋతువులు మారేదాకా గమనించిన పిదపనే విస్తరించాలి.

పర్యావరణ దృష్టితోను సున్నానిదే పైచేయి. సున్నపురాయి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుతుంది. సిమెంటుకు సుమారు 1450 డిగ్రీలు కావాలి. పైగా సున్నం గట్టిపడే క్రమంలో, కాలినపుడు రాయి విడిచిన వాయువులో చాలాభాగాన్ని తిరిగి గ్రహిస్తుంది. పాత రాతిని పాత చోటనే నిలుపుకొనడం అన్నిటికంటె పొదుపైన మార్గం. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పి, తిరిగి కూర్చి, 2024 మార్చిలో భక్తులకు అందుబాటులోకి తెచ్చారు. పద్దెనిమిదేళ్ల ఓర్పు అది! 2022లో పునఃప్రారంభమైన యాదాద్రి ప్రధానాలయ నిర్మాణంలో కృష్ణశిలతో పాటు సంప్రదాయ సున్నపు మిశ్రమాన్నే వాడారు.

దాతలారా, మీకొక విన్నపం. మీ విరాళం సిమెంటు బస్తాగానో రంగు డబ్బాగానో మారకముందు, "ఈ పదార్థం మన గుడి రాతికి సరిపడునా?" అని అడగండి. పని మొదలుకాకముందు ప్రతి శిల్పానికి, ప్రతి శాసనానికి ఛాయాచిత్రం తీయించండి. పురావస్తు శాఖ పరిధిలోని కట్టడమైతే వారి అనుమతి లేనిదే ఉలి తాకనీయకండి. స్థపతిని, రసాయన శాస్త్రజ్ఞుని ఒకే చోట కూర్చోబెట్టండి. సున్నం నూరే పనివారు ఇంకా మిగిలి ఉంటే వారిని పిలిపించి, వారి చెంత నలుగురు యువకులను నిలపండి. ఆ విద్య కూడ జీర్ణోద్ధరణ కోరుతున్నదే.

ఎరకసాని పేరును ఎనిమిది వందల ఏళ్లుగా మోస్తున్నది ఒక రాయి. మన పేర్లు చెక్కించుకొనే ఫలకం కంటె, ఆమె పేరు గల ఆ రాయి చెరిగిపోకుండా చూడడమే మనకు నిజమైన కీర్తి. ఆ సద్బుద్ధిని స్వామి మనందరికీ ప్రసాదించుగాక!

స్వస్తి.