వెండితెరపై పల్నాటి యుద్ధము

గుంటూరు నుండి పడమరగా పోయేవారికి పత్తిచేలు, మిరపకళ్లాలు దాటిన పిమ్మట నేల క్రమముగా రాతినేలగా మారుట కనబడుతుంది. అదే పల్నాడు. 2022లో ఆ పేరుతో ప్రత్యేక జిల్లా కూడ ఏర్పడినది. అక్కడ నాగులేటి ఒడ్డున ఉన్న కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఉత్సవము ఆరంభమై ఐదు దినములు సాగుతుంది. వీరుల ఆయుధములకు పూజ చేస్తారు. వీరవిద్యావంతులు కథ పాడుతారు.

కథ శ్రోతలకు తెలిసినదే. పన్నెండవ శతాబ్దములో గురజాలను నలగామరాజు, మాచర్లను మలిదేవరాజు ఏలుతూ ఉండిరి. ఇరువురూ అన్నదమ్ములు. కోడిపందెములో ఓడి మలిదేవుని పక్షమువారు ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరినా రాజ్యభాగము దక్కలేదు. కారెంపూడి రణరంగములో ఉభయులూ నాశనమైరి.

ఈ కథను గూడవల్లి రామబ్రహ్మంగారు చేపట్టినప్పుడు ఆశ కలుగుట సహజము. 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీసిన దర్శకుడాయన. అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుడు, మాల కులమున పుట్టి సేనాని అయిన కన్నమదాసు: ఈ పాత్రలు ఆయన కొరకే కాచుకొని ఉన్నవా అనిపిస్తుంది. కాని చిత్రము పూర్తి కాకమునుపే, 1946లో, ఆయన కన్నుమూశారు. మిగిలిన భాగము ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేయగా 1947లో ‘పల్నాటి యుద్ధం’ విడుదలయినది.

నటులను తప్పుపట్టలేము. గోవిందరాజుల సుబ్బారావుగారు బ్రహ్మనాయుడు, కన్నాంబగారు నాగమ్మ, అక్కినేని నాగేశ్వరరావుగారు బాలచంద్రుడు. ఇందరు సమర్థులుండీ నాకు తృప్తి ఎందుకు కలుగలేదు? నాయకురాలు నాగమ్మ వలననే. ఎనిమిది వందల ఏండ్లకు పూర్వము ఒక స్త్రీ రాజ్యమంత్రాంగము నడిపినది; సేనలను కదిలించినది. ఆమె మాటకు ఒక రాజు ఎందుకు లోబడెనో, ఒక సీమ ఎందుకు వెంట నడచెనో తెలియజెప్పవలసిన భారము చిత్రముపై ఉన్నది. చిత్రము ఆమెను సంస్కర్తకు ఎదురు నిలిచిన కుట్రదారుగా నిలబెట్టి ఊరకున్నది. కన్నాంబగారి కంఠములోని గాంభీర్యము వినగా, ఆ నటికి ఇంతకంటె పెద్ద నాగమ్మను వ్రాసి ఇచ్చి ఉండవలసినదని తోచును.

నేరము సినిమా వారిదొక్కరిదే కాదు లెండి. అక్కిరాజు ఉమాకాంతంగారు పరిష్కరించి వెలువరించిన శ్రీనాథుని ద్విపద మనము చదివే పల్నాటి కథకు ప్రధానమైన ఆధారము. అందులో ప్రసిద్ధమైనది బాలచంద్రుని యుద్ధభాగము. పసివాని శౌర్యమునకు చప్పట్లు కొట్టిన కాలము నుండి నాగమ్మ వైపు చెవి యొగ్గినవారు తక్కువ.

1966లో గుత్తా రామినీడుగారి దర్శకత్వమున అదే పేరుతో మరల చిత్రము వచ్చినది. ఎన్.టి. రామారావుగారు బ్రహ్మనాయుడు, భానుమతిగారు నాగమ్మ. భానుమతిగారి వంటి అభిమానవతిని ఆ పాత్రకు ఎన్నుకొనుటలోనే నాగమ్మ సామాన్యురాలు కాదన్న ఒప్పుకోలు ఉన్నది. అయినను త్రాసు మాత్రము పాతదే.

కారెంపూడి వారి త్రాసు వేరు. అక్కడ పాడే కథలో గెలిచినవాడు లేడు. యుద్ధము ముగిసిన పిమ్మట బ్రహ్మనాయుడు నలగామునికే రాజ్యము అప్పగించి గుత్తికొండ బిలములోనికి వెళ్లిపోయెనని చెప్పుకొంటారు. శత్రువునకు పట్టము కట్టి చీకటిలోనికి నడచిన ఆ వృద్ధుని చూపుటకు ఏ పోరాట దృశ్యమూ అక్కరలేదు. ఒక దివిటీ, ఒక గుహద్వారము చాలును.