సిస్టమ్ డౌన్ అయిన రోజున ఏం చేయాలి?

1971లో లండన్ హీత్రూ విమానాశ్రయంలో ‘లేసెస్’ అనే కంప్యూటరు పథకం మొదలైంది. విమానాల్లో వచ్చే సరుకుల పత్రాలను కస్టమ్స్ వాళ్లు, విమాన సంస్థలు, ఏజెంట్లు ఒకే యంత్రంలో చూసుకునే ఏర్పాటు అది. అంతకుముందు గుమాస్తాలు కట్టలు కట్టలుగా మోసుకు తిరిగిన కాగితం కొంత తగ్గింది. ఆ దారిలోనే తరవాతి దశాబ్దాల్లో దేశం తరవాత దేశం కస్టమ్స్ పనిని కంప్యూటరుకు అప్పగించింది. దాంతోపాటు అంతకుముందు లేని ఒక చిక్కు కూడా వచ్చిపడింది. గుమాస్తాకు జ్వరమొస్తే పక్క గుమాస్తా సంతకం పెడతాడు. యంత్రం ఆగిపోతే ఎవరు పెట్టాలి?

పైకి చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. సరుకును ఆపేస్తే మందులు పాడవుతాయి, ముడిసరుకు కోసం ఫ్యాక్టరీలు ఎదురుచూస్తాయి, రేవులో నిల్వ రుసుము రోజురోజుకూ పెరుగుతుంది. పోనీ వదిలేద్దామంటే, సుంకం ఎగ్గొట్టేవాడికి అంతకంటే మంచి రోజు దొరకదు. ఆపకూడదు, వదలకూడదు. ఈ రెంటి మధ్య దారి దొరకడానికి చాలాకాలం పట్టింది. ఆ దారి వేసినవాళ్లలో కథకు ఎక్కువగా పనికొచ్చేది యూరప్ అనుభవం. ఎందుకంటే కాగితం చేతిలో వాళ్లు బాగా దెబ్బతిన్నారు.

యూరప్‌లో ‘ట్రాన్సిట్’ అనే పద్ధతి ఉంది. రోటర్‌డామ్ రేవులో దిగిన సిగరెట్లు రెండు మూడు దేశాలు దాటి ఎక్కడికో వెళ్లాలనుకోండి. దారిలో సుంకం కట్టక్కర్లేదు, పూచీకత్తు ఇస్తే చాలు. అప్పట్లో సరుకు గమ్యం చేరాక అక్కడి కస్టమ్స్ అధికారి కాగితం మీద ముద్ర వేసి, ఒక ప్రతిని బయల్దేరిన చోటికి తపాలాలో తిప్పి పంపేవాడు. అది అందితే పూచీ రద్దయ్యేది. నమ్మకం మీద నడిచే చక్కని ఏర్పాటే. కానీ ఆ ప్రతి తిరిగి రావడానికి వారాలు, నెలలు పట్టేది. ఆ వ్యవధి దొంగలకు వరమైంది. సిగరెట్లు గమ్యం చేరకుండా దారిలోనే దిగిపోయేవి, సుంకం లేకుండా దొంగ బజారులో అమ్ముడయ్యేవి. కాగితం మాత్రం దొంగ ముద్రతో బుద్ధిగా ఇంటికి తిరిగొచ్చేది. 1990ల మొదట్లో సరిహద్దులు తెరుచుకుని, తూర్పు యూరప్‌తో వ్యాపారం పెరిగాక ఈ మోసం చేయి దాటింది. చివరికి యూరోపియన్ పార్లమెంటు దీనిపై విచారణ సంఘాన్ని కూర్చోబెట్టింది. ఆ సంఘం 1997లో నివేదిక ఇచ్చింది. కాగితాల పద్ధతికి కాలం చెల్లిందనీ, కంప్యూటరు తప్పదనీ అందరికీ అర్థమైంది.

అలా వచ్చిందే ఎన్‌సీటీఎస్ అనే వ్యవస్థ. 2000 నుంచి ఒక్కొక్క దేశంలో మొదలుపెట్టారు. బయల్దేరే ప్రతి సరుకుకూ 18 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఇస్తారు. లారీ కదలగానే గమ్యం దగ్గరి కార్యాలయానికి కబురు వెళ్తుంది, చేరగానే అక్కడి నుంచి జవాబు వస్తుంది. దొంగ ముద్ర వేసుకోవడానికి తపాలాలో తిరిగొచ్చే కాగితమే లేదు. ఇన్ని దేశాల కంప్యూటర్లు ఒక భాషలో మాట్లాడుకునేలా చేయడానికి ఏళ్లు పట్టింది. 2005 జులై 1 నుంచి వ్యాపారులందరూ ఇందులోనే పత్రాలు దాఖలు చేయాలని నియమం పెట్టారు.

అక్కడ పాత ప్రశ్న మళ్లీ ఎదురు నిలిచింది. ఈ వ్యవస్థ ఆగిపోతే? జవాబు ఒకటే, కాగితం. ఏ కాగితాన్ని తరిమేయడానికి ఇంత కష్టపడ్డారో దానికే మళ్లీ తలుపు తెరవాలి. కంప్యూటరు పడిపోయిన రోజును దొంగ కనిపెట్టుకుని ఉంటే? ఒకే సరుకుకు కంప్యూటరులో ఒక పత్రం, చేతిలో ఇంకో పత్రం పుట్టిస్తే? కంప్యూటరు బాగానే ఉన్నా, పాడైందని అబద్ధం చెబితే?

వాళ్లు కనిపెట్టిన పరిష్కారం చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. అదొక రబ్బరు ముద్ర. కొలతలు 26 మిల్లీమీటర్లు, 59 మిల్లీమీటర్లు, ఇవి చట్టంలోనే రాసి ఉన్నాయి. దాని మీద సారాంశంగా ఉండేది ఇంతే: ఇది అత్యవసర పద్ధతిలో వెళ్తున్న సరుకు, సిస్టమ్‌లో దీని వివరాలు లేవు, మొదలైన తేదీ, గంట ఇవి. నాకు ఇందులో బాగా నచ్చేది ఆ రెండో ముక్క. మామూలుగా ముద్ర అనేది ‘ఈ కాగితాన్ని నమ్మండి’ అంటుంది. ఈ ముద్ర మాత్రం దారిలోని ప్రతి అధికారికీ ‘నా గురించి కంప్యూటరును అడగొద్దు, దానికి తెలియదు, నన్నే జాగ్రత్తగా చూడండి’ అని ముందే చెప్పేస్తుంది. ఆ తేదీ, గంట ఉంటాయి కాబట్టి, ఆ సమయంలో సిస్టమ్ నిజంగా పడిపోయిందో లేదో తరవాత ఎవరైనా సరిచూడొచ్చు.

ముద్ర చుట్టూ మిగతా కంచె కట్టారు. కంప్యూటరులో ఎక్కించాక మధ్యలో ఆగిపోయిన పత్రం ఉంటే దాన్ని రద్దు చేసి తీరాలి. కాగితం మీద కంప్యూటరు ఇచ్చిన గుర్తింపు సంఖ్య కనిపించకూడదు. వ్యాపారి సొంత కంప్యూటరు పాడైతే, కాగితం వాడే ముందు కస్టమ్స్ అనుమతి తీసుకోవాలి. కాగితంతో మొదలైన ప్రయాణం కాగితం మీదే ముగియాలి, మధ్యలో సిస్టమ్ బాగైనా సరే. ఇలా ఒక సరుకుకు ఒకే దారి మిగిలింది.

ఈ పాఠం అందరూ ఒకేసారి నేర్చుకోలేదు. సరిగ్గా అదే 2005లో, అక్టోబరు 12న, ఆస్ట్రేలియా తన దిగుమతులను కొత్త కంప్యూటరు వ్యవస్థకు మార్చింది. ఎగుమతుల భాగం అంతకు ఏడాది ముందే నడవడం మొదలైంది. దిగుమతులు కదా, పైగా క్రిస్మస్ సరుకు వచ్చే రోజులు. కొత్త వ్యవస్థ తడబడింది, ఏజెంట్లు పంపిన పత్రాలకు జవాబులు సకాలంలో రాలేదు. సిడ్నీ, మెల్‌బోర్న్ రేవుల్లో కంటైనర్లు పేరుకుపోయాయి. తరవాత ఆడిట్ కార్యాలయం ఆ పథకాన్ని తవ్వి తీసింది. ఖర్చు మొదటి అంచనాలను ఎన్నో రెట్లు దాటి 20 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు మించిపోయింది. అంతకంటే పెద్ద లోపం, సిస్టమ్ పని చేయకపోతే ఏం చేయాలన్నది ముందే సరిగ్గా సిద్ధం చేసుకోకపోవడం.

ఇక అసలైన పరీక్ష 2017 జూన్ 27న వచ్చింది. ఉక్రెయిన్‌లో లెక్కలు రాసుకునే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల ద్వారా ‘నాట్‌పెట్యా’ అనే విధ్వంసక ప్రోగ్రామ్ పాకింది. ఉక్రెయిన్‌ను దెబ్బతీయడానికి వదిలినది, సరిహద్దులు చూసుకోకుండా లోకమంతా తిరిగింది. డెన్మార్క్‌కు చెందిన ఓడల సంస్థ మెర్‌స్క్ కంప్యూటర్లు నిమిషాల్లో మూగబోయాయి. ఇది కస్టమ్స్ కంప్యూటరు కాదు. కానీ రేవు గేటుకు ఏ కంటైనర్లో ఏముందో తెలియకపోతే, కస్టమ్స్ అధికారి చేతిలో ఎంత మంచి నియమం ఉన్నా సరుకు కదలదు. అమెరికాలో న్యూజెర్సీ గేటు ముందు లారీలు బారులు తీరాయి. ముంబయి పక్కన జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ సంస్థ గ్రూపు నడిపే టెర్మినల్ కూడా చిక్కుకుంది. అక్కడి వాళ్లు చేతిరాత మీద పని నెట్టుకొచ్చారు, లారీలు నిలపడానికి వేరే చోటు చూపాల్సి వచ్చింది.

మెర్‌స్క్ కంప్యూటర్లను తిరిగి లేపడానికి ఇంగ్లండ్‌లోని మెయిడెన్‌హెడ్‌లో నిపుణులు రాత్రింబగళ్లు కూర్చున్నారు. చాలా సమాచారానికి ప్రతులు దొరికాయి. ఒక్కటి మాత్రం దొరకలేదు. సంస్థలో ఎవరు ఎవరో, ఎవరికి ఏ తలుపు తెరవాలో చెప్పే ‘డొమైన్ కంట్రోలర్లు’ ప్రపంచమంతటా సుమారు 150 ఉండేవి. ఒకటి పోతే మిగతావి ఆదుకునేలా, ఎప్పటికప్పుడు ఒకదాన్నొకటి సరిచూసుకునేలా అమర్చారు. అన్నీ ఒకేసారి పోతాయని ఎవరూ ఊహించలేదు. అవి లేకుండా మిగతాదేదీ లేపలేరు.

వెతగ్గా వెతగ్గా ఆఫ్రికాలోని ఘనాలో ఒకటి బతికి ఉందని తెలిసింది. కారణం? దాడి జరిగే ముందు అక్కడ కరెంటు పోయింది! యంత్రం నెట్‌వర్క్ నుంచి విడిపోయింది కాబట్టి వైరస్ దాని దాకా చేరలేదు. కరెంటు కోతను దీవించిన సందర్భం మన ఇళ్లలో ఎవరికైనా ఎదురైందో లేదో గానీ, ఆ రోజు మెయిడెన్‌హెడ్‌లో ఎదురైంది. అయితే కథ అక్కడ తేలలేదు. ఘనా నుంచి ఇంటర్నెట్‌లో ఆ సమాచారం పంపాలంటే రోజులు పడుతుంది. మనిషిని పంపుదామంటే అక్కడి ఉద్యోగుల్లో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. చివరికి ఒకతను హార్డ్ డిస్క్ పట్టుకుని నైజీరియా దాకా వెళ్లాడు. అక్కడి విమానాశ్రయంలో ఇంకొకరు అందుకుని హీత్రూ విమానం ఎక్కారు.

ఆ మధ్య రోజుల్లో సిబ్బంది వాట్సాప్‌లో బుకింగులు తీసుకున్నారు, కాగితాలు నింపారు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్లీ అమర్చామని సంస్థ చైర్మన్ తరవాత దావోస్‌లో చెప్పారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. నకలు వంద ఉన్నా, అన్నీ ఒకే తీగకు కట్టి ఉంటే అవి ఒక్క నకలు కిందే లెక్క. యూరప్ వాళ్లు ముందే ఆలోచించి కాగితాన్ని కంప్యూటరుతో కలవనివ్వలేదు. మెర్‌స్క్‌కు ఆ పని ఘనా కరెంటు కోత చేసిపెట్టింది. మొదటిది ప్రణాళిక, రెండోది అదృష్టం.

మన దేశంలోనూ దిగుమతిదారు ‘బిల్ ఆఫ్ ఎంట్రీ’ అనే దిగుమతి పత్రాన్ని కంప్యూటరు ద్వారానే దాఖలు చేయాలి. కానీ కస్టమ్స్ చట్టం 46వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. అలా దాఖలు చేయడం సాధ్యం కానప్పుడు వేరే విధంగా ఇవ్వడానికి ప్రిన్సిపల్ కమిషనర్ గానీ, కమిషనర్ గానీ అనుమతించవచ్చు. ఎగుమతులకు 50వ సెక్షన్‌లో ఇలాంటిదే ఉంది. విశాఖలోనో కృష్ణపట్నంలోనో సరుకు దింపుకునే వ్యాపారులు ఈ సంగతి ఇప్పుడే తమ ఏజెంటును అడిగి తెలుసుకోవాలి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ అచ్చు ప్రతులు ఎక్కడున్నాయో కూడా చూసిపెట్టుకోండి.